ఏడిపించే సినిమా అంటే సరిపోదు

‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ చూసినవాళ్ళని ఎవరినడిగినా దాదాపు ఒకటే మాట చెబుతారు: “బాబోయ్, ఏడిపించేస్తుంది. ఒక్కసారి చాలు, మళ్ళీ చూడలేం.” ఏడిపిస్తుందన్నది నిజమే. కానీ అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చదు. కాసేపు ఏడ్చి, యుద్ధం చెడ్డదని ఓ మాట అనేసుకుని టీవీ కట్టేస్తే, దర్శకుడు ఇసావో తకహాతా మన ముందు పెట్టిన అసలు చిక్కు నుంచి సులువుగా తప్పించుకున్నట్టే.

కథ చిన్నది. 1945 జూన్‌లో కోబే నగరం మీద అమెరికా విమానాలు నిప్పు బాంబులు కురిపిస్తాయి. తల్లి ఒళ్ళంతా కాలి చనిపోతుంది. తండ్రి నౌకాదళంలో అధికారి, ఎక్కడున్నాడో తెలియదు. పద్నాలుగేళ్ళ సేయితా, నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకోని తీసుకుని బంధువైన ఒక అత్త ఇంటికి చేరతాడు. అక్కడ ఇమడలేక, చెరువుగట్టున ఉన్న ఒక గుహలాంటి షెల్టర్‌లో కాపురం పెడతాడు. తరవాత ఏమవుతుందో సినిమా మొదటి నిమిషాల్లోనే తెలిసిపోతుంది. సెప్టెంబర్ 21 రాత్రి సన్నోమియా రైల్వే స్టేషన్లో సేయితా ఆకలితో చచ్చిపోతూ కనిపిస్తాడు. బతుకుతారా లేదా అన్న ఉత్కంఠ ఉండదు. ఎలా చనిపోయారన్నదే మిగులుతుంది.

ప్రాణాలు నిలుపుకునే పోరాటం మీద వచ్చే సినిమాల్లో మామూలుగా తెలివి, తెగువ ఉన్నవాడు గట్టెక్కుతాడు. ఇక్కడ అలా జరగదు. సినిమా అంతా తిండి లెక్కే. తల్లి కిమోనోలు ఇచ్చి బియ్యం తెస్తుంది అత్త. అందులో కొంత పిల్లలకిచ్చి మిగతాది ఇంటికి ఉంచుకుంటుంది. పనికి వెళ్ళే కూతురికీ, ఇంట్లో అద్దెకున్న మనిషికీ అన్నం ముద్దలు, ఈ పిల్లలకి జావ. ‘దేశం కోసం పనిచేసేవాళ్ళకీ, ఊరికే కూచునేవాళ్ళకీ ఒకటే తిండా?’ అన్నది ఆవిడ వాదన. చూస్తుంటే ఒళ్ళు మండుతుంది. కానీ సేయితా కూడా బడికీ పనికీ వెళ్ళడం లేదు, చాపమీద పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నాడు. మాట పడలేని కుర్రాడు. బ్యాంకులో తల్లి దాచిన ఏడువేల యెన్లు ఉన్నాయి, నాన్న వస్తాడన్న ధీమా ఉంది. తరవాత ఒక రైతు, వెనక్కి వెళ్ళి అత్తని బతిమాలుకొమ్మని సలహా చెబుతాడు. వాడు వెళ్ళడు.

నాకు ఈ సినిమాలో ముఖ్యమైన చోటు ఇదే. సేయితాది ఆత్మాభిమానమా, మొండితనమా? తను యుద్ధ వ్యతిరేక సినిమా తీయలేదని తకహాతా చెప్పాడు. చిక్కు మనుషులతో సర్దుకోలేక, తమదైన చిన్న లోకంలోకి తప్పుకునే ఈ కాలపు పిల్లల్ని సేయితాలో చూశానన్నాడు. అలాగని నేరం కుర్రాడి నెత్తిన వేయడం కూడా నాకు అన్యాయంగానే ఉంది. పద్నాలుగేళ్ళవాడు పెద్దవాళ్ళ లెక్కల్లో ఓడిపోతే, ఆ లెక్కలు రాసినవాళ్ళ మాటేమిటి? రెండోసారి చూస్తే అత్త రాక్షసిలా కనిపించదు. కరువులో మన ఇళ్ళల్లోనూ దొరికే మనిషిలా ఉంటుంది. అదే ఎక్కువ భయపెడుతుంది.

మూలకథ రాసిన అకియుకి నోసాకాకి ఈ బాధ సొంతది. ఆ యుద్ధంలో ఆయన పెంపుడు చెల్లెలు తిండిలేక చనిపోయింది. దొరికిన తిండి ఆమెకి పెట్టకుండా తను తినేశానన్న అపరాధ భావంతో 1967లో ఈ కథ రాశాడు. కథలో అన్నయ్య ఆయన కన్నా చాలా మంచివాడు. తకహాతా కూడా తొమ్మిదేళ్ళప్పుడు ఒకాయామా బాంబు దాడి నుంచి బయటపడ్డవాడే. మంటలు ఎలా పడతాయో, జనం ఎటు పరిగెడతారో ఊహించి తీసినట్టు ఉండదు. సెత్సుకోకి గొంతు ఇచ్చిన అయానో శిరాయిషి కూడా అప్పటికి పసిపిల్లే. అందుకే ఖాళీ అయిన మిఠాయి బిళ్ళల డబ్బాలో నీళ్ళు పోసి తాగే చోట గానీ, మట్టి ముద్దల్ని అన్నం ముద్దలనుకుని అన్నకి పెట్టే చోట గానీ నటన అనిపించదు.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. మిణుగురుల వెలుగులో సేయితా తను చూసిన యుద్ధనౌకల ఊరేగింపు గుర్తు చేసుకుని మురిసిపోతాడు. ఆ మురిపెం ఎంత పిచ్చిదో సినిమాకి తెలుసు. ఓడలన్నీ మునిగిపోయాయని విన్నప్పుడు వాడి కాళ్ళ కింద నేల కదులుతుంది. అయినా ఆ ఓడలు ఎవరి మీదికి వెళ్ళాయన్న సంగతి సినిమాలో లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది ఆ నౌకాదళపు విమానాలే. సేయితా కోసం ఏడ్చే తెలుగు ప్రేక్షకుడు ఈ మాట మరిచిపోనక్కర్లేదు. గుర్తుంచుకుంటే ఏడుపు తగ్గదు, ఇంకాస్త నిజమవుతుంది.

1988 ఏప్రిల్‌లో ఇది జపాన్ థియేటర్లలో మియజాకీ ‘మై నైబర్ టొటొరో’తో జతగా విడుదలైంది. ఒక టికెట్‌కి రెండు సినిమాలు! 2024లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక ఇప్పుడు గదిలో కూచుని చూడొచ్చు. గీబ్లీ బొమ్మల సినిమా కదా అని చిన్నపిల్లల్ని కూచోబెట్టకండి. పన్నెండు, పదమూడేళ్ళు దాటినవాళ్ళతో చూడండి, అయిపోయాక లేచిపోకుండా ఓ ప్రశ్న అడగండి: ఆ అత్త స్థానంలో మనముంటే ఆ బియ్యం ఎలా పంచేవాళ్ళం? జవాబు చెప్పడానికి నోరు రాదు. చివరి దృశ్యంలో కొండ మీద బెంచీలో కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలూ, ఎత్తైన మేడల వెలుగుల్లో మెరిసే ఈనాటి కోబేని చూస్తూ ఉంటారు. ఆ దీపాలున్న ఊళ్ళో ఉన్నది మనమే.