కిసాగోతమి నడిచిన వీధి

కిసాగోతమి కథ తెలియని బౌద్ధ పాఠకుడు ఉండడు. అందువల్లనే కాబోలు, దానిని మళ్లీ శ్రద్ధగా చదివేవారు అరుదు. మరణించిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం తిరిగిన తల్లి, చావు ఎరుగని ఇంటి నుండి ఆవాలు తెమ్మన్న బుద్ధుడు, చివరకు అందరూ పోవలసినవారేనన్న బోధ: ఉపన్యాసాలలో కథ ఈ మూడు ముక్కలకు కుదించుకుపోయింది. పరామర్శకు వెళ్లేవారు మూడవ ముక్కను మాత్రమే వెంట తీసుకుపోతారు.

ధమ్మపద అట్ఠకథ కథనం అలా సాగదు. బిడ్డ మరణించాడని బుద్ధుడు ఆమెతో చెప్పడు. శవాన్ని దించమని అనడు. మందు తనకు తెలుసునంటాడు. అడిగినది తెల్ల ఆవాలు. పాళిలో వాటి పేరు సిద్ధత్థకం. గౌతముని తొలి పేరు ఆ మాటలో వినిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. పోపుల పెట్టెలో ఉండే వస్తువు గనుక లేదని పంపే గడప ఉండదు. ఆవాలు తెచ్చి ఇవ్వబోయిన వారినే ఆమె ఆ ప్రశ్న అడగాలి. వారు తమ ఇంట పోయినవారిని తలచుకోవాలి. అంతకుముందు ఆమెను పిచ్చిదన్న ఊరే ఇప్పుడు తన శోకాన్ని ఆమెకు చెప్పుకుంది. తిరిగి వచ్చి ఆ సత్యాన్ని ఆమే పలికిన తరువాత గాని ధర్మోపదేశం లేదు.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో పిటకమే చూపింది. మజ్ఝిమ నికాయంలోని పియజాతిక సుత్తంలో ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న గృహపతి వస్తాడు. ప్రియమైనవారి నుండే శోకం పుడుతుందని బుద్ధుడు నేరుగా చెబుతాడు. మాట సత్యమే. గృహపతి ఒప్పుకోక లేచిపోయి, దగ్గరలో పాచికలాడేవారితో తన వాదనకు ఔననిపించుకుంటాడు. సుత్తం మల్లికా పసేనదుల సంభాషణ వైపు మళ్లుతుంది. అతడు మళ్లీ కనిపించడు. సంకలనకర్తలు దీనిని దాచకపోవడం గమనించదగినది.

థేరీగాథలో కిసాగోతమి పేరిట ఉన్న గాథలలో అసలు ఆవాల ప్రస్తావనే లేదు. అవి కల్యాణమిత్రుల ప్రశంసతో మొదలై, దారిలో ప్రసవానికీ భర్త మరణానికీ ఒకే చితిపై కాలిన తల్లిదండ్రులకూ సోదరునికీ చేరుతాయి. ఇవి పటాచార కథలోని ఘటనలు. పాఠం కలగాపులగమైందనే వివరణను తోసిపుచ్చనక్కరలేదు. అయినా ఇంటింటి శోకం విన్న స్త్రీ నోట మరొక స్త్రీ శోకం పలకడం అసంగతంగా తోచదు.

నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుని స్మృతిస్తంభాన్ని అతని తల్లులు, సోదరీమణులు, భార్యలు కలిసి నిలిపారు. ఆ పేర్ల వరుస వంశచరిత్రకు ఆధారంగానే చదవబడుతున్నది. దుఃఖితుల జాబితాగా చదివినవారు తక్కువ.

అట్ఠకథకూ ఒక లోపం ఉంది. బతికినవారు కొందరే, చచ్చినవారే ఎక్కువనే ఒక్క జవాబుతో వీధి మొత్తాన్ని దాటించింది. ఏ గడపలో ఎవరు పోయారో, ఆ మాట చెబుతూ ఎవరు ఆమెను అరుగుపై కూర్చోబెట్టారో అందులో లేదు.