మారుతి ఇంజన్ వీపున పెట్టుకున్న రేసు కారు

బంటుమిల్లి సెంటర్లో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా పాత మారుతి 800 ఇంజన్ విప్పి బిగించే మెకానిక్కు ఒకడుంటాడు. 796 సీసీ, మూడు సిలిండర్లు. కాలవగట్ల మీదా చేపల చెరువుల దారుల్లోనూ ఏళ్ల తరబడి తిరిగిన ఇంజనే. దాంతో రేసు కారు కూడా చెయ్యొచ్చని 1988లో చేసి చూపించినవాడు ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం, ఎప్పుడో అటు వెళ్లి స్థిరపడ్డ తెలుగు నాయుళ్లు. ఆయన స్వయంగా రేసరు కూడా.

ఆ కారు పేరు ఫార్ములా మారుతి. ఒక్కరే కూర్చోవాలి, నాలుగు చక్రాలూ బయటికే కనిపిస్తాయి. అందగత్తె అని నేననను గానీ, పనితనం అంటే ఇదీ అనిపిస్తుంది. మామూలు 800లో ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి బానెట్ కింద అడ్డంగా ఉంటాయి. ముందు చక్రాలే బండిని లాగాలి, తిరగాల్సిందీ అవే. కరివర్ధన్ ఆ ఇంజన్ని డ్రైవరు వీపు వెనక్కి చేర్చాడు. ఇక ముందు చక్రాలు దారి చూసుకుంటే చాలు. దోనెకు వెనక నిలబడి గెడ వేసినట్టు, తోపంతా వెనక నుంచే.

చెప్పడం తేలికే. గేరు కర్ర చేతి దగ్గర, గేర్లేమో వీపు వెనక. నడుమ కడ్డీలు, వాటికి కీళ్లు. ఏ కీలు కాస్త వదులైనా, నాలుగో గేరు అనుకున్నచోట రెండోది పడుతుంది. మలుపు దగ్గర అలా పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంజన్ చిన్నదిగా ఉండటమే. రోడ్డు మీది 800లో దాని బలం 40 హార్స్‌పవర్ లోపే. మొదటిసారి స్పోర్ట్స్ కారుతో ట్రాక్ ఎక్కినవాడు మలుపులో ఎంత తడబడినా, బయటపడగానే యాక్సిలరేటర్ తొక్కితే ఆ తప్పు కనబడకుండా పోతుంది. చిన్న ఇంజన్ ఆ సాయం చెయ్యదు. అవసరానికి మించి బ్రేకు వేస్తే పోయిన వేగం తిరిగి రావడానికి ట్రాకులో సగం దాటాలి. అందుకని తిన్నని దారిలోనే బ్రేకు ముగించడం, మలుపు లోపలి అంచును ఒరుసుకుంటూ పోవడం, స్టీరింగు విప్పుతూ వేగం పెంచడం, ఇవన్నీ వచ్చి తీరాలి. పైగా పందెంలో అందరిదీ అదే రకం కారు. ఓడితే బండి మీదికి నెట్టెయ్యడం కష్టం!

నారాయణ్ కార్తికేయన్ 1993లో ఫార్ములా మారుతి నడిపాడు, 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌కు చేరాడు. 2000లో ఫార్ములా మారుతి జాతీయ విజేత కరుణ్ చంధోక్, 2010లో అదే మెట్టు ఎక్కాడు. వీళ్లను ఫార్ములా వన్‌లో చూడటానికి కరివర్ధన్ లేడు, 1995లోనే విమాన ప్రమాదంలో పోయాడు.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే. చుట్టు మొత్తం 2.1 కిలోమీటర్లు. సొంత కారుతో తొలిసారి వెళ్లినవాడు టాప్ గేరు సంగతి మరిచిపోవచ్చు. అది పడేలోపు మలుపు వచ్చేస్తుంది.