రాగి తీగతో కుట్టిన పడవ

కర్రపడవ కట్టాలంటే తరతరాల పనితనం ఉండాలని మనం అనుకుంటాం. కాకినాడ దగ్గర తాళ్ళరేవులో కట్టే పెద్ద పడవలను చూస్తే ఆ మాట సబబే. అంతటి పడవకు అడుగున పొడవాటి దూలం వేయాలి, దాని మీద వంపు కర్రలు నిలబెట్టాలి, వాటికి పలకలు వంచి బిగించాలి. పలక అంచును ఎంత వాలుగా చెక్కాలన్నది ముందు నుంచి వెనక దాకా ప్రతి జానకూ మారుతుంది. ఆ లెక్క తేల్చే కన్ను ఒక్క ఏడాదిలో రాదు. అయినా రంపం పట్టడం కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా ఇంటి వసారాలో చిన్న తెరచాప పడవ కట్టుకోగలరు, కట్టుకుంటున్నారు. ఆ నేర్పులో కష్టమైన సగాన్ని ఎవరో ముందే కాగితం మీద పూర్తిచేసి పెట్టారు కాబట్టి.

బ్రిటన్‌లో డైలీ మిర్రర్ పత్రిక అండతో 1962లో రూపుదిద్దుకున్న మిర్రర్ పడవే ఇందుకు సాక్ష్యం. టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పిన బ్యారీ బక్‌నెల్, పడవల రూపకర్త జాక్ హోల్ట్ కలిసి దాన్ని తయారుచేశారు. పొడవు 3.3 మీటర్లు. కిట్‌లో కోసి వచ్చే ప్లైవుడ్ ముక్కల అంచుల్లో బెజ్జాలు వేసి రాగి తీగతో కుడతారు. తీగ మెలిపెట్టే కొద్దీ బల్లపరుపు పలకలు దగ్గరికొచ్చి వాటంతటవే వంపు తిరుగుతాయి. ఆ వంపు ఎంతన్నది అంచుల గీతలోనే ఉంది. తర్వాత అతుకుల మీద గాజునార పట్టీ, రెసిన్. తెరచాప కొయ్యలు కూడా విడదీస్తే పడవలోపలే పట్టేస్తాయి, కాబట్టి కారు మీద వేసుకుని చెరువుకు తీసుకెళ్లొచ్చు. ఇలాంటివి 70,000కు పైగా తయారయ్యాయి. బొమ్మ పడవ కదా అనేవాళ్లున్నారు. ఎ.జె. మెకిన్నన్ అనే ఆయన అలాంటి పడవలోనే ఇంగ్లండ్ నుంచి నల్లసముద్రం దాకా వెళ్లారు.

కోసిన ముక్కలు అతికించడం పనితనం ఎలా అవుతుందన్నది బలమైన అభ్యంతరమే. కానీ తీగలు ఒకవైపు బిగువై, ఇంకోవైపు వదులైతే పడవ మెలిక పడుతుంది. రెసిన్ గట్టిపడ్డాక ఆ మెలిక ఇక పోదు. అందుకే ముందే మూలలకు దారం పట్టి కొలవాలి, దూరం నుంచి చూడాలి, విప్పి మళ్లీ బిగించాలి. ప్లైవుడ్ ఎక్కువగా నీళ్లు పీల్చేది అంచుల నుంచే, కాబట్టి ప్రతి అంచుకూ రెసిన్ పట్టించాలి. హైదరాబాద్ ఎండల్లో డబ్బాలో కలిపిన రెసిన్ త్వరగా గడ్డకడుతుంది. తెల్లవారుజామున కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ఈ నిర్ణయాలు ఏ కిట్టూ చేసిపెట్టదు.

అచ్చులో పోసిన ఫైబర్ పడవ కొనడమే తేలిక కదా అంటే, అవును, తేలికే. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం రెండు ప్లైవుడ్ షీట్లతో చేసుకునేలా గీసిన ఆప్టిమిస్ట్ కూడా ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌లోనే వస్తోంది. పందేల్లో పడవలన్నీ ఒకేలా ఉండటం న్యాయమే, దాన్ని కాదనను. కానీ హుస్సేన్‌సాగర్ మీద ఆప్టిమిస్ట్ నడిపే పిల్లలకు గాలి తెలిసినంతగా పడవ తెలియాలంటే ఒక్కటైనా వాళ్ల చేత కట్టించాలి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై మన ఊళ్లలో దొరుకుతుంది, రాగి తీగా దొరుకుతుంది. సెయిలింగ్ క్లబ్బులు ఒక షెడ్డు, ఒక ప్లాను, ఓపికున్న ఒక వడ్రంగిని సమకూరిస్తే చాలు, వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.