పొట్ట అంచున వేలు పోనిచ్చి చూడండి

మిరుగం వచ్చిందంటే జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో చేపల దుకాణాల ముందు నిలబడే చోటుండదు. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట మనకు చూడగానే తెలుస్తాయి. చెరువుల కింద బతికిన ఊళ్లు కదా మనవి! ఐసు పెట్టెలోని వెండిరంగు చేపను చూపి పులస అంటే మాత్రం పేరు విని డబ్బులు తీస్తాం. అలా చేయొద్దు, ముందు చేపను వెల్లకిలా తిప్పండి.

చేపలు కోసేవాళ్ల చేతులను చూస్తూ నిలబడటం నాకు ఎప్పటి నుంచో ఇష్టం. కంటికంటే ముందు వాళ్ల వేళ్లు చేపను గుర్తుపడతాయి. పులసకూ వేలే కావాలి. తోక వైపు నుంచి తల వైపుకు పొట్ట అంచు వెంట పోనివ్వండి. మొనదేలిన గట్టి పొలుసులు రంపం పళ్లలా తగులుతాయి. మొత్తం 30 నుంచి 33 దాకా ఉంటాయి. పులసది హెర్రింగ్ కుటుంబం; సముద్రపు కవళ్లు కూడా దాని చుట్టాలే, వాటి పొట్టా ఇలాగే గరుకు.

మన చెరువుల్లో పెరిగే సిల్వర్ కార్ప్‌తోనే అసలు చిక్కు. అదీ వెండిలా మెరుస్తుంది, దాని పొట్ట అంచూ పదునే. కానీ నున్నగా ఉంటుంది, వేలికి ఏదీ అడ్డం తగలదు. పొలుసులు మరీ సన్నవి, కన్ను బాగా కిందికి దిగి ఉంటుంది. మొప్ప నుంచి తోక దాకా పక్కన ఒక గీత సాగుతుంది. పులసకు ఆ గీత ఉండదు, పొలుసులూ పెద్దవి. పై దవడ నడుమ చిన్న గాటు ఉంటుంది. మొప్ప వెనక నల్లమచ్చ ఉంటుందంటారు గానీ, పెద్ద చేపల్లో అది మాసిపోతుంది కనుక నేను దాన్ని నమ్ముకోను.

ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల పుస్తకంలో వర్ణించిన ఇలిష ఇదే. బెంగాల్‌లో ఇలిష్, మన సముద్రంలో విలస, వరదకు ఎదురీది గోదావరి ఎక్కితే పులస. జాతి ఒక్కటే. కాబట్టి ఈ గుర్తులు జాతిని చెబుతాయే తప్ప నదిని చెప్పవు. ఒడిశా తీరంలో పడ్డ చేపకూ పొట్ట కింద అవే పొలుసులు. పొలుసు చూసి గోదావరిదని తేల్చేశానంటే ఒప్పుకోకండి.

కాళేశ్వరం దగ్గర పడిందంటే అసలే నమ్మొద్దు. సముద్రం నుంచి వచ్చే చేపకు ధవళేశ్వరం దగ్గర 1852లోనే ఆనకట్ట అడ్డం పడింది. దాని పైన దుమ్ముగూడెం, తుపాకులగూడెం, మన మేడిగడ్డ. గంగలోనూ ఇంతే: ఒకప్పుడు అలహాబాద్ దాకా ఎక్కిన ఇలిష్‌కు 1975లో ఫరక్కా బరాజ్ దారి మూసేసింది.

ముక్కలు కొట్టాక ఈ గుర్తులేవీ మిగలవు. పొలుసు తీయకముందే, తల తోకలతో నిండు చేపను చేతికి ఇమ్మనండి. ఇవ్వనంటే ఆ పూట రవ్వ కొనుక్కోండి.