గోడ మీది దక్షిణ ధ్రువం

వాన వెలిశాక బోధన్ షక్కర్‌నగర్ పాత క్వార్టర్ల గోడలు చూడాలి. ఇవి 1937 నాటి నిజాం చక్కెర ఫ్యాక్టరీవి; అది 2015 డిసెంబరులో మూతపడింది. సున్నం కొట్టించేవాళ్లు లేక పగుళ్ల వెంట నాచు కమ్ముకొస్తోంది. నేను భూతద్దం కంటికి ఆనించి, ముక్కు గోడకు తగిలేలా వంగితే, దారినపోయేవాళ్లు ఆగుతారు. "ఏమన్న పోయిందా సార్?" పోలేదు, దొరికింది అంటే నవ్వుతారు.

దొరికేది ఎక్కువగా వెండి నాచు. శాస్త్రంలో బ్రయమ్ అర్జెంటియం. ఆకు కొసల్లో పత్రహరితం ఉండదు, ఆ తెల్లమెరుపు అందుకే. మే నెలలో బూడిదరంగుకు తిరిగి, చచ్చిందనిపిస్తుంది. దాని మీద ఒక్క చుక్క నీళ్లు వేసి చూడండి. కాడకు అతుక్కుపోయిన ఆకులు ఒక్కొక్కటే విడివడతాయి, కాసేపట్లో పచ్చదనం పైకి తేలుతుంది. వేర్లు లేవు. ఆకు మందం చాలాచోట్ల ఒకే కణం. నీళ్లు తాగడానికి ఒళ్లంతా నోరే.

ఇదే నాచు అంటార్కిటికాలోనూ ఉంది. మన ఎండకైనా అక్కడి చలికైనా దానికి తెలిసిన ఉపాయం ఒకటే: ఎండిపోయి, ఓపిక పట్టడం. దాని చుట్టం ఒకదాన్ని 2017లో అక్కడి మన భారతి పరిశోధన కేంద్రం దగ్గర సేకరించారు. పంజాబ్ కేంద్రీయ విశ్వవిద్యాలయంవాళ్లు ఏళ్లపాటు డీఎన్ఏ పోల్చి చూసి, అది కొత్త జాతేనని 2021లో తేల్చారు. పేరు బ్రయమ్ భారతియెన్సిస్. మట్టే సరిగా లేని ఆ రాళ్లలో దానికి ఎరువు పెంగ్విన్ల పెంట!

అక్కడ నాచు ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది. బూటుకాలు పడితే గాయం మానడానికి దశాబ్దాలు పట్టొచ్చు. అందుకే అంటార్కిటికా పర్యావరణ రక్షణకు చేసుకున్న 1991 మాడ్రిడ్ ఒప్పందం అక్కడి మొక్కల జోలికి వెళ్లడానికి హద్దులు పెట్టింది. 2022లో మన పార్లమెంటు కూడా అంటార్కిటికా చట్టం చేసింది.

మన గోడలకు చట్టం అక్కర్లేదు. దసరాకు గీకి సున్నం వేసుకుంటే తప్పనను. నేను మాత్రం గోటి మేరే తీసి, కాగితం పొట్లంలో మడిచి, తేదీ, గోడ ఏ దిక్కుదో రాసిపెడతాను. పూలమొక్కల్లా అదిమి ఆరబెట్టే పని లేదు, ఎప్పుడు నీళ్లు చల్లితే అప్పుడు ఆకులు విప్పి చూపిస్తుంది. నాకు మింగుడుపడనిది ఒకటే. బోటనీ పిల్లలతో ఫ్యునేరియా అనే నాచు బొమ్మ రికార్డులో వేయిస్తారు గానీ కాలేజీ ప్రహరీ దాకా తీసుకెళ్లరు. ఈ వానలకు తీసుకెళ్లండి సార్లూ. ఉత్తరం గోడైతే మేలు, నీడ ఎక్కువ.