యజమాని లేని సొమ్ము

చినువా అచేబె నాలుగో నవల ‘ఎ మ్యాన్ ఆఫ్ ద పీపుల్’ గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది ఒకటే కథ. నవల చివర్లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోస్తుంది. పుస్తకం 1966 జనవరి నెలాఖరులో రావాలి. ఈలోగా జనవరి 15 తెల్లవారుజామున నైజీరియాలో నిజంగానే సైనికులు తిరగబడ్డారు. ప్రధాని అబూబకర్ తఫావా బలేవా, ఉత్తర ప్రాంత ప్రీమియర్ అహ్మదు బెల్లో, పశ్చిమ ప్రాంత ప్రీమియర్ అకింటోలా, ఆర్థికమంత్రి ఒకోటీ-ఎబో హతమయ్యారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. జులైలో ఎదురు తిరుగుబాటు జరిగింది. ఇగ్బోల ఊచకోతలు సాగుతున్న ఆ రోజుల్లో, లాగోస్‌లో రేడియో ఉద్యోగం చేస్తున్న అచేబె కోసం కూడా సైనికులు వెతుక్కుంటూ వచ్చారు. ఇంత సరిగ్గా రాశాడంటే కుట్ర సంగతి ముందే తెలిసుంటుందని అనుమానం. ఆయన తూర్పుకి పారిపోయాడు. ఆ తర్వాత బయాఫ్రా యుద్ధం.

గొప్ప కథే, కాదనను. కానీ ఈ ‘జోస్యం’ అనే మాట పుస్తకానికి మేలు కంటే కీడే ఎక్కువ చేసిందని నా ఫిర్యాదు. ఎందుకంటే నవలలో అన్నిటికంటే పేలవంగా ఉన్నది ఆ తిరుగుబాటే. ఎక్కణ్ణుంచో ఊడిపడుతుంది, రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. దాన్ని జనవిజయంగా చూపించడానికి అచేబెకి మనసు రాలేదు. ఎన్నికల కోసం నాయకులు పెంచి పోషించిన రౌడీ మూకలు అదుపు తప్పితే సైన్యం వచ్చింది తప్ప, ప్రజలు తిరగబడి ఎవర్నీ దించలేదని కథకుడు ఓడిలి చేతే చెప్పిస్తాడు. నిన్నటిదాకా నాంగాకి జేజేలు కొట్టిన నోళ్లే మర్నాడు దొంగ, దొంగ అంటాయి.

నాంగా అంటే చీఫ్ నాంగా, సాంస్కృతిక శాఖ మంత్రి. ఒకప్పుడు ఓడిలికి పాఠాలు చెప్పిన బడిపంతులు. నవల పేరుని తెలుగులో చెప్పుకుంటే ‘ప్రజల మనిషి’. వట్టికోట ఆళ్వారుస్వామి నవల పేరూ అదే. అక్కడ ఆ మాట సీదాగా అన్నది, ఇక్కడ వెటకారం. పూర్తిగా వెటకారమూ కాదు, చిక్కంతా అక్కడే ఉంది. నాంగా అందర్నీ పేరు పెట్టి పలకరిస్తాడు, పిడ్జిన్ ఇంగ్లీషులో జోకులేస్తాడు, పాత శిష్యుణ్ణి గుర్తుపట్టి రాజధానిలో తన ఇంటికి రమ్మంటాడు. ఆ ఇంట్లో ఏడు పడగ్గదులు, ఏడు బాత్రూములు. అదే ఊళ్లో మామూలు జనానికి ఇంకా బకెట్ దొడ్లే. ఒక రోడ్డుకి తారు వేయించాలని తెగ ఆరాటపడుతుంటాడు, ఆ దారిలో తిప్పడానికి తను బస్సులకి ఆర్డర్ పెట్టుకున్నాడు మరి. ఇవన్నీ తెలిసి కూడా పుస్తకంలో నాంగా లేని పేజీలు చప్పగా అనిపిస్తాయి. ఓడిలి నీతులు చెబుతున్నప్పుడు ఈయన మళ్లీ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూశాను. చదివేవాడిని కూడా ఆ గుంపులో నిలబెట్టడం అచేబె కావాలనే చేశాడనుకుంటాను.

నా లెక్కలో నవల గుండెకాయ మాత్రం చాలామంది గుర్తుపెట్టుకోని ఒక చిన్న ఉపకథ. అనాటా అనే ఊళ్లో జొసయ్య అని ఒక కొట్టువాడు. ఆశపోతు. ఒక గుడ్డి బిచ్చగాణ్ణి కొట్లోకి పిలిచి, వాడి చేతికర్ర కాజేసి, బదులు కొత్త కర్ర చేతిలో పెడతాడు. ఆ పాత కర్రతో చేతబడి చేయిస్తే జనం గుడ్డిగా తన సరుకే కొంటారని ఆశ. బిచ్చగాడు చేత్తో తడిమి పసిగట్టేస్తాడు. ఊరు గుమిగూడుతుంది. అక్కడొకడు అన్నమాట సారాంశం ఇది: ఇన్నాళ్లూ కొంచెం కొంచెం తీశాడు, ఇప్పుడు యజమాని కంటపడేంత తీశాడు. అంతే. పోలీసుల్లేరు, పంచాయితీ లేదు. ఒక్కరు కూడా ఆ గడప తొక్కరు. వారం తిరక్కుండా జొసయ్య వ్యాపారం దివాలా.

ఇలాంటి ఊళ్లే, ఇలాంటి జనమే, దేశం సొమ్ము ఎంత పోయినా పట్టించుకోరు. ప్రచార సభలో ఓడిలి మిత్రుడు మాక్స్ మంత్రుల తిండి గురించి ఆవేశంగా చెబుతుంటే, ఒక మాజీ పోలీసు లేచి చెప్పేది దాదాపు ఇది: వాళ్లు తింటున్నారని మాకూ తెలుసు, మేమూ తింటున్నాం, నీళ్ల పైపులొస్తున్నాయి, కరెంటు ఇస్తామంటున్నారు. ఆ నవలంతా ఈ ‘తినడం’ మీదే నడుస్తుంది. లంచానికి ఇంగ్లీషులో కాస్త కొత్తగా వినిపించే ఆ మాట మనకి అర్థం చెప్పనక్కర్లేదు. ‘బాగా తిన్నాడు’ అంటే తెలుగులో అన్నం సంగతి ఎవరూ అనుకోరు. చివరికి ఆ ఊరు ఓడిలి వైపు మొగ్గేది కూడా అతని సిద్ధాంతం నచ్చి కాదు. మన ఊరి పిల్లాడు వెళ్తే మన వాటా మనకొస్తుందని. గుడ్డివాడి కర్రకి యజమాని ఉన్నాడు. ఖజానాకి ఎవరున్నారు? అది మొన్నటిదాకా తెల్లవాళ్లది, ఇవాళ మంత్రులది, మనది ఎప్పుడైంది?

అన్నట్టు, జొసయ్య మళ్లీ కనిపిస్తాడు. నాంగా సభలో గుంపులో నక్కి నిలబడ్డ ఓడిలిని గుర్తుపట్టి అరిచి పట్టించేది అతనే. ఓడిలి చావుదెబ్బలు తింటాడు.

పదిహేడేళ్ల తర్వాత, 1983లో, అచేబె ‘ద ట్రబుల్ విత్ నైజీరియా’ అని ఒక చిన్న పుస్తకం రాశాడు. దేశానికి పట్టిన జబ్బు ఒక్కటే, నాయకత్వ వైఫల్యం అని మొదట్లోనే తేల్చేస్తాడు. అమీను కానో నాయకత్వంలోని పార్టీలో చేరి పదవి కూడా తీసుకున్నాడు. ఆ ఏడాది ఆఖరి రోజు, డిసెంబర్ 31న, మళ్లీ సైనిక తిరుగుబాటు. అధికారం చేపట్టిన ముహమ్మదు బుహారీ 2015లో ఓట్లతో గెలిచి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. వ్యాసకర్త అచేబె మీద నాకు గౌరవమే. కానీ నాయకులు బాగుంటే చాలు అన్న ఆ తీర్పుని నవలాకారుడు అచేబె 1966లోనే కాదన్నాడు. జనం నిర్దోషులని అనుకోవడానికి ఆ నవల ఎక్కడా చోటివ్వదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, పెద్దదే ఉంది. ఆడవాళ్లు. ఓడిలి రాజకీయం మొదలయ్యేదే అతని ప్రియురాలు ఎల్సీతో నాంగా పడుకున్నాక. కసి తీర్చుకోవడానికి నాంగా చేసుకోబోయే చిన్నమ్మాయి ఎడ్నా మీద కన్నేస్తాడు. ఈ ఇద్దరూ ఏమనుకున్నారో మనకి దాదాపు తెలీదు, చేతులు మారే వస్తువుల్లా ఉంటారు. మాక్స్‌ని జీపుతో తొక్కించిన మంత్రి కోకోని అక్కడికక్కడే కాల్చేసే యూనిస్ ఒక్కతే సొంతంగా ఏదైనా చేసే మనిషి. ఆమెకి దక్కింది కాసిని పేరాలు. ఇది ఓడిలి చూపులోని లోపమే, రచయితది కాదని సమర్థించవచ్చు. నాకు సగమే ఒప్పుదల.

ఆ సగం ఒప్పుదల కూడా చివరి పేజీల వల్ల. ఎడ్నాని పెళ్లాడాలంటే నాంగా ఆమె తండ్రికి ఇచ్చిన కన్యాశుల్కం తిరిగి కట్టాలి. ఓడిలి దగ్గర డబ్బు లేదు. అవినీతి మీద పోరాడటానికి పెట్టిన పార్టీ నిధుల్లో కొంత అతని చేతిలో మిగిలుంది. సైనిక ప్రభుత్వం పార్టీలన్నిటినీ రద్దు చేసింది కదా, ఇప్పట్లో దాని అవసరం ఎవరికీ రాదు, అందులోంచి అప్పు తీసుకుందామని తనలో తనే నిశ్చయించుకుంటాడు. ఎవర్నీ అడగడు. అడగడానికి ఎవరూ లేరు కూడా. నవల మొదటిసారి చదివినప్పుడు నేను ఈ ముక్క దగ్గర ఆగనే లేదు. పెళ్లి కుదిరినందుకు సంతోషించాను.