గింజతో పాటు గడ్డీ పంటే

గోధుమ అనగానే మనకు చపాతీ పిండి, ఉప్మా రవ్వ గుర్తొస్తాయి. పంజాబ్ రైతుకు అది అంతకంటే పెద్ద పంట. గింజ మనుషుల కడుపు నింపితే గడ్డి పాడిని నిలబెడుతుంది. వరిగడ్డి వాములున్న ఊళ్లో పెరిగిన నాకు ఈ రెండో సగం మీదే మక్కువ.

నవంబరులో విత్తిన గోధుమ ఏప్రిల్‌లో, వైశాఖి పండుగ రోజులకు కోతకొస్తుంది. కంబైన్ హార్వెస్టర్ గింజ రాల్చుకుని వెళ్లాక, నిలిచిన మోళ్ల మీద ట్రాక్టరుకు తగిలించిన రీపర్ నడుపుతారు. అది మోళ్లను కోసి, నలగ్గొట్టి, వెనకున్న ట్రాలీలోకి ఊదుతుంది. ఆ పొట్టే తూడీ. దాన్ని బర్సీమ్ లాంటి పచ్చిమేతతో కలిపి గేదెలకు పెడతారు. రొట్టె మీద వెన్న, గ్లాసులో లస్సీ దాని చలవే. గోడలు మెత్తే మట్టిలోనూ తూడీ కలుపుతారు.

పాత గోధుమ రకాలు పొడుగ్గా పెరిగేవి, ఎరువు ఎక్కువైతే పడిపోయేవి. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి రకాల విత్తనం తెప్పించారు. తర్వాత కల్యాణ్ సోనా, సోనాలికా అనే పొట్టి రకాలు పొలాలను నింపాయి. మొక్క పొట్టిదైనా గడ్డి విలువ తగ్గలేదు.

గోధుమ గడ్డిని ఇంత భద్రంగా దాచుకునే అదే పంజాబ్ రైతు, గోధుమకు ముందు వేసే వరి కోశాక, అక్టోబరు, నవంబరుల్లో వరిగడ్డికి నిప్పు పెడుతున్నాడు. భూగర్భజలం కాపాడేందుకు 2009లో వచ్చిన చట్టం వరినాట్లను జూన్‌కు జరిపింది. దాంతో కోత ఆలస్యమై, గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే మిగులుతున్నాయి. పైగా వరిగడ్డిలో సిలికా ఎక్కువ, అక్కడి పాడికి తూడీయే అలవాటు. కొట్టంలో చోటున్న గడ్డి ఇంటికి చేరుతోంది, చోటు లేనిది పొలంలోనే కాలుతోంది. తప్పంతా రైతు మీద నెట్టడం అన్యాయం.

మన దగ్గర వరిగడ్డే పశువుల మేత. అయినా హార్వెస్టర్లు వచ్చి, పశువులు తగ్గాక మన పొలాల్లోనూ మంటలు కనిపిస్తున్నాయి. మేత కొనలేక గేదెను అమ్ముకునే ఇల్లు అదే ఊళ్లో ఉండవచ్చు. బేలర్‌తో కట్టలు కట్టించండి, లేదా దుక్కిలో కలియదున్నండి. అదీ కుదరకపోతే, అగ్గిపుల్ల గీసే ముందు పాడి ఉన్న పొరుగింటిని ఒక్కమాట అడగండి.